బావి ఎడమచేతి వైపు

మా ఇంటావిడకి,

మీ ఆయన్ని రాస్తున్నాను. ఇక్కడ నేనూ, కొట్లో గడియారాలూ, నువ్వు అప్పగించి వెళ్ళిన కుండీల్లో మొక్కలూ అందరం కులాసా. అక్కడ నువ్వూ, మీ అక్కయ్యా, ఆవిడకి వేసిన కొత్త తుంటీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్‌లో ఏది అడిగినా ఆఁ, ఊఁ అంటున్నానని, ఏదో దాస్తున్నానని, నోటితో అయితే బొంకుతాను గానీ కాగితం మీద బొంకడం నాకు చేతకాదని, కాబట్టి ఉత్తరం రాయమని అన్నావు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా గురించి నువ్వు తప్పుగా చెప్పిన మాట ఒక్కటీ లేదు. అదే నాకు చిరాకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు ముందు రాసేస్తాను. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. ప్లంబర్‌ని పిలవలేదు, అంతమాత్రం పని నాకు రాదా అని నేనే విప్పి బిగించాను. ఇప్పుడు తిప్పినా నీళ్ళు రావడం లేదు. రేపు అతనికి కబురు పెడతాను, నవ్వితే నవ్వుకోనీ. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. తిండి సంగతి అడక్కు. బేకరీ ఆయన నన్ను వీధి మలుపులో చూడగానే బ్రెడ్డు కోయడం మొదలుపెడుతున్నాడు. మీ అక్కయ్య లేచి నడవనంటోందని రాశావు కదా, నా మాటగా చెప్పు, ఆడించని గడియారంలో నూనె గడ్డకడుతుంది, ఆ తర్వాత దాన్ని బాగుచేసేవాడు రెండింతలు విసుక్కుంటాడు. నా పేరు చెప్తే ఆవిడకి కోపం వస్తుంది. ఆ కోపంతోనైనా లేస్తుంది.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లోనూ అడిగిన అసలు ప్రశ్న. ఏటా మనం చేసే నడక జరిగిందా, మీ నాన్నగారి బండి దారి ఉందా, పొలం కొన్న కోళ్ళాయన మూసేశాడా అని. నడక జరిగింది. దారి ఉంది. ఆయన మూయలేదు. ఈ మూడూ నిజాలే. మిగతాది తాపీగా చెప్తాను, నువ్వూ తాపీగా చదువు. ముందు పొయ్యి మీద ఏమన్నా ఉంటే దింపి రా.

నువ్వు లేకుండా ఆ నడక నడిపించమంటే నాకు మొదటినుంచీ గుబులే. ఏటా కోతలయ్యాక, మళ్ళీ దుక్కి మొదలవకముందు, టౌన్లో వాళ్ళని పోగుచేసి మీ నాన్నగారి పొలాల్లోంచి తీసుకెళ్ళేది నువ్వు. ఇక్కడ ఎద్దులు నీళ్ళు తోడేవి, ఇక్కడ గడ్డివాము ఉండేది, ఈ గట్టు కోసం ఇద్దరన్నదమ్ములు పలకరింపులు మానేశారు అని చెప్పేది నువ్వు. నేను ఆఖర్న నీళ్ళ క్యాను మోసుకుంటూ, బేకరీ ఆయనతో లోకం ఎటు పోతోందో మాట్లాడుకుంటూ వచ్చేవాణ్ణి. పొలం అమ్మేసి ఎన్నేళ్ళయినా, చేతులు ఎన్ని మారినా, మీ నాన్నగారి బండి దారిలో ఏడాదికోసారి నడిస్తే నీకు ఆయన్ని చూసొచ్చినట్టే ఉంటుందని నాకు తెలుసు. కోళ్ళఫారం ఆయన కొన్నాడనగానే నీ మొహం ఎలా అయిందో కూడా తెలుసు. "ఆ దారి కూడా పోతే మా నాన్న రెండోసారి పోయినట్టే" అన్నావు. ఆ మాట నా చెవిలో ఇంకా అలాగే ఉంది.

నిజానికి ఆ కోళ్ళాయన మనం అనుకున్నంత చెడ్డవాడు కాదు. నడకకి ముందు కొట్టుకొచ్చాడు, చేతి గడియారం బ్యాటరీ వేయించుకోడానికి. అసలు పని అది కాదని చూడగానే తెలిసింది, ఎందుకంటే గడియారం చక్కగా తిరుగుతోంది.

"బాబాయ్‌గారూ, నేను దారి మూస్తానని ఊరంతా అనుకుంటోందట" అన్నాడు.

"ఊరు అనుకోవడం దేనికి, మా ఆవిడే అంటోంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "పొదలన్నీ కొట్టించి చదును చేయించాను. ఎక్కడ ఏముండేదో నాకూ తెలీదు. మీరంతా నడుస్తున్న రోజున నేనూ వస్తాను, సున్నం బస్తా పట్టుకుని. మీరు నడిచిన చోటల్లా గీత పోసుకుంటూ వస్తాను. ఆ గీత వదిలేసి మిగతాది దున్నుకుంటాను. ఇకమీదట గొడవుండదు."

ఇంతకన్నా మర్యాదస్తుడు ఎవడుంటాడు చెప్పు. ఆ మాట విని నేను రెండంగుళాలు పొడుగెదిగాను. నీ ఉత్తరం జేబులో ఉంది. కల్వర్టు దిగి తిన్నగా వెళ్ళండి, బావి ఎడమచేతి వైపు రావాలి, అది దాటితే కళ్ళం అని నువ్వు నొక్కి రాశావు. ఇంక భయమేముంది అనుకున్నాను.

నడక రోజు పొద్దున్నే మబ్బు పట్టి చల్లగా ఉంది. బేకరీ ఆయనా, లైబ్రరీ ఆవిడా, వాళ్ళ వెనక ఇంకొందరూ వచ్చారు. నీ బట్టలు కుట్టే టైలరమ్మ కూడా వచ్చింది. ఎప్పట్లాగే ఆఖరి వరసలో, ఎప్పట్లాగే నోట్లో నాలుక లేనట్టు. ఈసారి నేను ముందుకి వెళ్ళిపోయాను కాబట్టి నీళ్ళ క్యాను ఆవిడ అందుకుంది. వద్దన్నా వినలేదు.

కల్వర్టు దాకా బాగానే నడిపించాను. కాలవ ఎవరు తవ్వారో, గొర్రెలవాళ్ళు ఎక్కడ మందలు నిలిపేవారో, నీ దగ్గర విన్నదంతా అప్పజెప్పాను. కల్వర్టు దిగాక చూస్తే తెలిసిన గుర్తు ఒక్కటీ లేదు. పొదలు లేవు. ఏటా మనకి గుర్తుగా ఉండే అత్తిచెట్టు గాలివానకి కూలిపోయిందట, దాన్నీ తీసేశారు. మొత్తం అరచెయ్యిలా ఉంది. బావి పూడ్చిన దిబ్బ మాత్రం మధ్యలో కనిపించింది. హమ్మయ్య అనుకుని, నీ మాట ప్రకారం ఆ దిబ్బని ఎడమచేతి వైపు పెట్టుకుని నడిచాను. నా వెనక జనం, జనం వెనక కోళ్ళాయన, ఆయన వెనక తెల్లటి గీత.

నడుస్తూ నీ కథలు చెప్పాను. నువ్వు చెప్పినంత బాగా కాదులే. అన్నిట్లోకీ నాకు నచ్చేది ఆ బండి కథ. కోతల్లో మోపులేసిన బండి కళ్ళానికి వెళ్తుంటే, నువ్వు వెనక అంచు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేదానివి. బావికి అవతల గట్టు మీద కూలి ఆడవాళ్ళు మోపులెత్తుకుని వరసగా వస్తుంటే వాళ్ళకి చెయ్యి ఊపేదానివి. ఒక్కరూ తిరిగి ఊపేవారు కాదు. "మా నాన్న మీద కోపం నా మీద తీర్చుకునేవాళ్ళు" అని నువ్వు నవ్వుతూ చెప్తావు. నవ్వుతూనే చెప్తావు గానీ, ఏటా చెప్తావు. నేను కూడా నవ్వుతూనే చెప్పాను. అందరూ నవ్వారు. టైలరమ్మ ఏం చేసిందో నేను చూడలేదు.

దిబ్బ దాటాక కళ్ళం బండలు ఎదురుగా కనపడాలి. కనపడలేదు. కనపడింది వేరేది. రెండు నిలువు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక బండ, మనిషి ఛాతీ ఎత్తున ఉంది. పొదలు కొట్టేశాక బయటపడినట్టుంది. లైబ్రరీ ఆవిడ ఇదేమిటండీ అని అడిగింది. నాకు తెలీదు అంటే పోయేది. ముందు నడుస్తున్నవాడికి ఆ మాట నోటికి రాదు, అదొక జబ్బు. "మా మామగారు దీని మీదే కూర్చుని బస్తాలు లెక్కపెట్టించేవారు" అనేశాను. ఆవిడ ఫొటో కూడా తీసుకుంది.

అక్కణ్ణుంచి కొంచెం వంపు తిరిగితే కళ్ళం వచ్చింది. వచ్చింది గానీ, పశువుల నీళ్ళ తొట్టి ఏటా మన పక్కనే ఉండేది, ఈసారి ఆ చివర ఉంది. "తొట్టి నడిచి వెళ్ళిందా ఏమిటి" అన్నాడు బేకరీ ఆయన. కోళ్ళాయన జరిపించి ఉంటాడన్నాను. కోళ్ళాయన మాత్రం "నేను ముట్టుకోలేదే" అన్నాడు. ఆ మాట నేను విననట్టు ఊరుకున్నాను. అందరూ బాగుంది బాగుంది అనుకుంటూ ఇళ్ళకి పోయారు. నేను కూడా ఏదో ఘనకార్యం చేసినవాడిలా ఇంటికొచ్చి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న కొట్లో బేకరీ ఆయన గోడగడియారం వెనక మూత విప్పాను. నీకు చెప్పేవాణ్ణి గుర్తుందా, వెనక నుంచి చూస్తే ముల్లు ఎదురు తిరుగుతుంది, కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు అక్కడే తికమక పడతారు అని. దాన్ని చూస్తూ చూస్తూ ఉంటే బావి దగ్గర నువ్వు నిలబడే తీరు గుర్తొచ్చి, స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాను.

బావి దగ్గరికి వచ్చేసరికి నువ్వు ఏటా ఏం చేస్తావు? మా అందరి వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ చెప్తావు. పడిపోతావే అని నేను వెనకనుంచి అరుస్తుంటాను. ఎడమ చెయ్యి చాపి, ఇదిగో బావి అంటావు. చిన్నప్పుడు కూడా అంతే, బండి వెనక అంచు మీద, వెనక్కి తిరిగి కూర్చున్నావు. నీ జన్మలో ఆ బావిని నువ్వు ముందుకి తిరిగి దాటలేదే. నీ ఎడమ మా కుడి. ఇన్నేళ్ళు గడియారాలు వెనకనుంచి విప్పినవాణ్ణి, నా పెళ్ళాం ఎటు తిరిగి నిలబడిందో చూసుకోలేకపోయాను. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను, నాతోపాటు అందర్నీ పడేశాను.

కొట్టు తాళం కూడా వేయకుండా ఆటో ఎక్కి పొలానికి పరుగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ గట్టు మీద నిలబడ్డాక తెలిసింది. ట్రాక్టరు దిబ్బకి ఇవతలంతా దున్నేసి, అవతలకి తిరుగుతోంది. కల్వర్టు నుంచి కళ్ళం దాకా బండి దారంతా ఎర్రటి సాళ్ళు. జొన్న వేస్తారట.

ఇదీ నేను ఫోన్‌లో మింగిన మాట. దారి ఉంది అన్నాను కదా, ఉంది. కాని అది మీ నాన్నగారిది కాదు. ఆయన బండి దారిని కోళ్ళాయన పోగొట్టలేదు, నేను పోగొట్టాను. నీకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలీక, నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. కోప్పడు, పడతాను. ఏడవకు, అది మాత్రం నేను పడలేను.

కోళ్ళాయనకి అప్పుడే చెప్పేశాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "పోనీండి బాబాయ్‌గారూ, ఈ పంట తీశాక మళ్ళీ అటు మార్చుకుందాం. కాని రెండు దార్లూ వదలమంటే నావల్ల కాదు. అమ్మగారు ఏది అంటే అది" అన్నాడు. కాబట్టి పోయింది తిరిగొస్తుంది, నువ్వు ఒక్క మాట అంటే చాలు. ఇక్కడితో ఉత్తరం ముగించేద్దామనే అనుకున్నాను. కాని నిన్న సాయంత్రం టైలరమ్మ కొట్టుకొచ్చింది.

వచ్చి బల్ల ముందు కూర్చోమన్నా కూర్చోలేదు. కొలతల టేపు మెళ్ళో అలాగే ఉంది, దాని చివర వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"అన్నయ్యగారూ, ఆ రోజు మీరు దారి తప్పారు" అంది.

"తెలిసింది. తెలిసి కూడా ఏం లాభం" అన్నాను.

"నాకు దిబ్బ దగ్గరే తెలిసింది. ఏటా వస్తాను కదా. ఆయన సున్నం పోస్తుంటే నేను నోరు విప్పాలి. విప్పలేదు."

నాకు సర్రున కోపం వచ్చింది. అంత తెలిసి ఎందుకు చెప్పలేదమ్మా అని గట్టిగానే అడిగాను.

"అది మా అమ్మ దారి" అంది.

వాళ్ళమ్మ మీ నాన్నగారి పొలంలో కోతలకొచ్చేదట. బండి దారిలో కూలివాళ్ళు నడిస్తే ఎద్దులు బెదురుతాయని, బావికి అవతల గట్టు మీద నడవమనేవారట. అదే ఆ దారి. ఈవిడ కడుపులో ఉన్నప్పుడు కూడా వాళ్ళమ్మ ఆ గట్టు మీదే మోపులు మోసిందట. ఆ రాయి ఉంది చూశావా, మామగారిని నేను ఎక్కించి కూర్చోబెట్టిన రాయి, అది మోపు దింపుకునే రాయి. ఎవరూ చెయ్యి వెయ్యక్కర్లేకుండా, దాని పక్కన నిలబడి తల వంచి బరువు దాని మీదికి జరుపుకోవచ్చు. "ఛాతీ ఎత్తు రాయి మీద పెద్దయ్యగారు ఎలా కూర్చుంటారనుకున్నారు, నిచ్చెన వేసుకునా?" అంది. అప్పుడు ఇద్దరం కాస్త నవ్వాం.

ఇన్నేళ్ళు మాతో నడిచావు, ఒక్కసారైనా చెప్పలేదేం అని అడిగాను. "వదినగారు వాళ్ళ నాన్నగారి గురించి చెప్తుంటే వినబుద్ధేసేది. మధ్యలో మా అమ్మ ఎందుకులే అనిపించేది" అంది. దాన్లో దెప్పిపొడుపు ఏమీ లేదు. ఉన్నమాటే చెప్పింది. నాకు మాత్రం గుచ్చుకుంది.

ఆ తర్వాత చెప్పింది విను. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం ఇంత పొడుగయింది.

"చెయ్యి ఊపలేదంటారు కదా వదినగారు. రెండు చేతులూ మోపు మీద ఉంటే ఎలా ఊపుతారండీ?"

ఎన్నిసార్లు విన్నాం, ఎన్నిసార్లు నవ్వాం. నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"బండి వెనకాల ఒక పిల్ల కూర్చునేది, రోజూ మాకు చెయ్యి ఊపేది అని మా అమ్మ నాకు చెప్పేది. దానికి పాపం ఎవరూ బదులివ్వలేదే అని ఆవిడకి మనసులో ఉండేదట. రాయి దగ్గరికి రాగానే ముందు మోపు దింపి, చెయ్యి ఊపేదట. అప్పటికి బండి కళ్ళం మలుపు తిరిగిపోయేది."

అంతే చెప్పింది. టేపు మెళ్ళో సరిచేసుకుని, "వదినగారికి మీరే చెప్పండి. నేను ఊరుకున్నాను అని కూడా చెప్పండి. కోపం వస్తే నా మీదే రానివ్వండి, మీ మీద కాదు. ఆవిడ మళ్ళీ నా దగ్గర బట్టలు కుట్టించుకోకపోయినా సరే, నేను అడగను" అని వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక కళ్ళు తుడుచుకోవడం అద్దంలోంచి కనిపించింది.

నేను అప్పుడే కొట్టు మూసి, చీకటి పడేలోపు మళ్ళీ ఆ రాయి దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడక్కు. బండకి ఒక పక్క అంచు నున్నగా అరిగి ఉంది. దాని పక్కన నిలబడి చూస్తే దున్నిన చేనంతా, ఆ అవతల కళ్ళం మలుపూ కనిపిస్తాయి. కోళ్ళాయన మనిషి వచ్చి, ట్రాక్టరుకి అడ్డం వస్తోంది, ఈ రాయి పీకించమంటారా అని అడిగాడు. వద్దన్నాను. నిన్ను అడక్కుండా చేసిన పెత్తనం అదొక్కటే.

దారి ఎటు ఉండాలో నేను చెప్పను. మీ నాన్నగారి మీద నీకున్నదాన్ని తూచడానికి నేనెవర్ని? నువ్వు బండి దారే కావాలంటే, పంట తీసిన మర్నాడే నేనే సున్నం బస్తా మోసుకెళ్ళి గీత పోయిస్తాను. ఈసారి ఎడమా కుడీ ఎవర్నీ అడగను. కాని మీ అక్కయ్య లేచి తిరగడం మొదలుపెట్టాక నువ్వు ఒకసారి రా. టైలరమ్మకి కబురు పెడతాను, ఆవిడ ముందు నడుస్తుంది. నువ్వు ఆవిడ వెనక నడువు, ముందుకి తిరిగి. నీళ్ళ క్యాను నేనే మోస్తాను. ఆ రాయి దగ్గర ఆవిడ ఆగితే, నువ్వు మాత్రం ఆగకుండా కళ్ళం మలుపు దాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి చూడు. ఆవిడ చెయ్యి ఊపితే ఈసారి నీకు కనిపిస్తుంది.

ఇట్లు,
జన్మంతా నీ వెనక నడిచి, ఒక్కసారి ముందు నడిచేసరికి ఇంత పని చేసిన
మీ ఆయన